సరిహద్దు దాటే రోగి, దాటని కార్డు

గుణుపురంలో బయలుదేరి పర్లాకిమిడి, పాతపట్నం, నౌపడాల మీదుగా విశాఖపట్నం చేరే రైల్లో, ఎక్స్‌రేలు, రక్తపరీక్షల కాగితాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నవారు ఏ రోజైనా కనిపిస్తారు. ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల తెలుగువారికి పెద్దాసుపత్రి అంటే చాలామటుకు విశాఖలోని కింగ్ జార్జి ఆసుపత్రి, అంటే కె.జి.హెచ్. రైలు దిగిన తరువాత ఓపీ చీటీ ఎక్కడ రాయించుకోవాలి, వెంట వచ్చినవారు రాత్రి ఎక్కడ పడుకోవాలి, తక్కువలో భోజనం ఎక్కడ దొరుకుతుంది, చేతిలోని కార్డు ఇక్కడ చెల్లుతుందా అన్న ప్రశ్నలు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. నగరంలో ఉచిత సహాయం లేకపోలేదు. అయితే సరిహద్దు అవతలి వారికి అది అంత సులువుగా అందదు. అందుకు వారి తెలియనితనమే కారణమని తేల్చేయడం అన్యాయమవుతుంది. దీని వెనుక తొంభై ఏళ్ళ చరిత్ర ఉంది.

ఆసుపత్రులకు ముందు సత్రాలు ఉండేవి. శ్రీకాకుళం, ఇచ్ఛాపురం, బరంపురం మీదుగా పూరీకి సాగిన జగన్నాథ సడక్ పొడవునా జమీందార్లు, వర్తకులు యాత్రికుల కోసం సత్రాలు కట్టించి, వాటి ఖర్చుకు మాన్యాలు రాసి ఇచ్చారు. ఆ మాన్యాల రాబడి సత్రాలకే ఖర్చయ్యేలా చూసే బాధ్యతను మద్రాసు ప్రభుత్వం 1817 నాటి ఏడవ రెగ్యులేషన్ ద్వారా తన మీద వేసుకుంది. విశాఖపట్నంలో కలెక్టరు టర్నర్ పేరిట వెలసిన టర్నర్ సత్రం 19వ శతాబ్దం చివరి నాటిది. ఏ ఊరివాడవని సత్రం అడిగేది కాదు, బాటసారి అయితే చాలు. కులం మాత్రం అడిగేది. వంటశాల కొందరికి, అరుగు కొందరికి, ఆ అరుగు కూడా దక్కనివారు మరికొందరు. సత్రాల కాలాన్ని తలచుకొని నిట్టూర్చేవారు ఈ సంగతిని తరచు మరచిపోతుంటారు.

1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వచ్చింది, 1931లో అది గుణుపురం దాకా సాగింది. ఈ మధ్యకాలంలోనే, 1923లో, విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రి, వైద్య కళాశాల మొదలయ్యాయి. అప్పటికి గంజాం, విశాఖపట్నం రెండూ మద్రాసు రాజధానిలోని ఇరుగుపొరుగు జిల్లాలు. నేటి కొరాపుట్, రాయగడ ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో అంతర్భాగాలు. కనుక కొరాపుట్ ప్రాంతంలోని జయపురం మనిషికి, పర్లాకిమిడి మనిషికి విశాఖ ఆసుపత్రి తమ ప్రభుత్వపు ఆసుపత్రే. విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన విక్రమదేవ వర్మ జయపురం మహారాజేనన్న సంగతి గుర్తుచేసుకుంటే, విశాఖ పెద్ద నగరంగా ఎదగడంలో ఆ కొండప్రాంతపు సొమ్ము ఎంత కలిసిందో అర్థమవుతుంది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి పట్టణం, జయపురం సంస్థానం అటు వెళ్ళాయి. పాతపట్నం, టెక్కలి ఇటు మిగిలాయి. మహేంద్రతనయ నదికి ఈ గట్టున ఉన్నవారు, ఆ గట్టున ఉన్నవారు పిల్లనిచ్చి పుచ్చుకునే బంధువులే అయినా, వారి పేర్లు వేర్వేరు రాష్ట్రాల దస్తాల్లోకి ఎక్కాయి. 1962లో బరంపురంలో వైద్య కళాశాల వచ్చినా పర్లాకిమిడి, గుణుపురం వారు భాష కోసం, బంధువుల కోసం విశాఖకు వెళ్ళడం మానలేదు. ఓపీ చీటీ రాసేవారు ఊరు పేరు రాసుకునేవారే తప్ప రాష్ట్రం పేరు చూసి పంపేసేవారు కారు గనుక, గీత గీసినా చాలాకాలం దాని బరువు తెలియలేదు.

ఆ బరువు తెలిసింది 2007లో. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్యశ్రీని తొలి విడతలో మూడు జిల్లాల్లో మొదలుపెట్టింది. మహబూబ్‌నగర్, అనంతపురంతో పాటు మూడోది శ్రీకాకుళం. గుండె ఆపరేషన్ అవసరమైన పాతపట్నం మనిషికి తెల్లకార్డు ఉంటే కార్పొరేట్ ఆసుపత్రి తలుపు తెరుచుకుంది. నది దాటితే వచ్చే పర్లాకిమిడిలో ఉన్న అతని తోడల్లుడికి అదే జబ్బు వస్తే ఆ తలుపు తెరుచుకోలేదు. మరుసటి ఏడాది వచ్చిన కేంద్ర పథకం రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన పరిమితి కుటుంబానికి ఏడాదికి 30,000 రూపాయలే. పెద్ద ఆపరేషన్లకు ఆ మొత్తం ఏ మూలకూ చాలదు.

తిండి విషయంలో ఈ పట్టింపు తక్కువ. ఒడిశాలో 2015 ఏప్రిల్ 1న మొదలైన ఆహార్ కేంద్రాల్లో అయిదు రూపాయలకు అన్నం, దాల్మా (కూరగాయలు వేసి వండే పప్పు) పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో తెరిచిన అన్న క్యాంటీన్లలోనూ భోజనం ధర అయిదు రూపాయలే. అవి 2019లో మూతపడి 2024 ఆగస్టులో మళ్ళీ తెరుచుకున్నాయి. రెండుచోట్లా చెయ్యి చాచినవారిని కార్డు అడగరు. నెలల తరబడి చికిత్స కోసం నగరంలో ఉండిపోయేవారికి ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతిలో ఒడిశా కార్డు మీదే విశాఖ డిపోలో బియ్యం తీసుకునే వీలుంది, కానీ ఈ సంగతి అడిగి తెలుసుకున్నవారికే తెలుస్తుంది. అన్నిటికన్నా కష్టం బస. 1930 నుంచి ఉన్న ప్రేమసమాజం వంటి సంస్థలు ప్రధానంగా అనాథల కోసం, వృద్ధుల కోసం పనిచేస్తాయి. రోగి వెంట వచ్చినవారికి సత్రం చేసిన పనిని అదే స్థాయిలో చేపట్టినవారు ఆ తరువాత రాలేదనే నా ఉద్దేశం. అందుకే బంధువుల ఇల్లు లేనివారు ఇప్పటికీ వార్డు వరండాలో చాప పరుస్తున్నారు.

ఒడిశా ప్రభుత్వం 2018లో బిజు స్వాస్థ్య కల్యాణ్ యోజన తెచ్చింది. కుటుంబానికి 5 లక్షల రూపాయలు, మహిళలకు 10 లక్షల దాకా వర్తించే ఆ పథకం జాబితాలో రాష్ట్రం వెలుపలి ఆసుపత్రులు కూడా చేరాయి. 2025 ఏప్రిల్‌లో కేంద్రం వారి ఆయుష్మాన్ భారత్, ఒడిశా వారి గోపబంధు జన ఆరోగ్య యోజన దాని స్థానంలోకి వచ్చాయి. ఆయుష్మాన్ కార్డు దేశంలో ఏ రాష్ట్రంలోనైనా జాబితాలోని ఆసుపత్రిలో చెల్లుతుంది గనుక 1936 నాటి గీత కనీసం కాగితం మీద కొంత చెరిగినట్టే.

కాగితం మీద మిగిలిన చిక్కు పేర్లది. ఒడియాలో ‘వెంకట’ చాలాసార్లు ‘భెంకట’ అనో ‘బెంకట’ అనో అవుతుంది. ‘అప్పలనరసమ్మ’లోని ఒత్తులు రాలిపోతాయి. తెలుగువారు ఇంటిపేరును ముందు చెబుతారు, అక్కడి గుమస్తా దానిని చివర రాస్తాడు. ఆధార్‌లో ఒక రకంగా, రేషన్ కార్డులో మరో రకంగా, విశాఖ డాక్టరు తెలుగులో విని రాసిన చీటీలో ఇంకో రకంగా ఉన్న పేరు ఒక్క మనిషిదేనని ఆసుపత్రి కౌంటరులోని కంప్యూటరు ఒప్పుకోదు. ఒడిశా రేషన్ కార్డులో పేరు సవరించవలసింది ఒడిశాలోనే. విశాఖలో ఏ కార్యాలయానికీ ఆ అధికారం లేదు. ప్రయాణానికి ముందు ఇంట్లోనే మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోనివారు, సంగతి కౌంటరు దగ్గర తెలిశాక, రోగిని వరండాలో ఉంచి మళ్ళీ అదే గుణుపురం రైలు ఎక్కవలసి వస్తుంది.