సముద్రం రంగును విమానం నుంచి చదవడం ఎలా మొదలైంది?

1952 సెప్టెంబరులో టోక్యోకు దక్షిణంగా సుమారు 400 కిలోమీటర్ల దూరంలో సముద్రం పేలుతోందని 'మ్యోజిన్ మారు' అనే చేపల పడవ కబురు తెచ్చింది. ఆ చోటికి 'మ్యోజిన్ షో' అని పడవ పేరే పెట్టారు. సంగతేమిటో చూడటానికి వెళ్లిన సర్వే నౌక 'కైయో మారు–5' సెప్టెంబరు 24న జాడ లేకుండా పోయింది. అందులో ఉన్న 31 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. తర్వాత కొట్టుకొచ్చిన చెక్కముక్కల్లో అగ్నిపర్వత రాళ్లు గుచ్చుకుని ఉన్నాయి. నౌక పేలుడులో చిక్కుకుందన్నమాట.

సముద్రం అడుగున అగ్నిపర్వతాలున్న ఇలాంటి చోట్లను జపాన్ తీర రక్షక దళం ఎక్కువగా విమానాల నుంచి గమనించడం వెనక ఈ చేదు అనుభవం ఉంది. కానీ నీళ్ల కింద ఉన్న కొండను ఆకాశం నుంచి ఎలా చూస్తారు? చూసేది కొండను కాదు, పైన తేలే రంగును. సముద్రపు అడుగు నుంచి వచ్చే వేడి ఆమ్లజలం మామూలు ఉప్పునీటితో కలిసినప్పుడు ఇనుము, అల్యూమినియం, సిలికాన్ సన్నని రేణువులుగా విడిపోతాయి. ఇనుము పాలు ఎక్కువైతే నీరు పసుపు, గోధుమ రంగుల వైపు తిరుగుతుంది. తగ్గితే తెల్లబడుతుంది. జోయో ఒస్సాకా వంటి జపాన్ రసాయన శాస్త్రవేత్తలు ఈ రంగులకూ అగ్నిపర్వతం ఉద్ధృతికీ ఉన్న లంకెను వెతికారు. నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు ఇదే. కెమెరాలు ఆ తర్వాత ఎన్ని మారినా, ఫొటోలో ఏం వెతకాలో చెప్పింది ఈ రసాయన శాస్త్రమే.

అయితే ఎండ పడే కోణం, మబ్బులు, ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) కూడా రంగును మార్చేస్తాయి. అందుకే వేడిని పట్టే ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు, ఉపగ్రహాలు తోడయ్యాయి. 2013లో జపాన్‌లోని నిషినోషిమా అనే అగ్నిపర్వత దీవి పక్కన కొత్త దీవి లేచాక అది పెరుగుతున్న తీరును ఇలాగే పైనుంచి నమోదు చేశారు. ఏళ్లుగా రంగు నీటితో కనిపిస్తూ వచ్చిన ఫుకుతోకు–ఒకానోబా అనే జపాన్ సముద్రగర్భ అగ్నిపర్వతం 2021 ఆగస్టులో భారీగా పేలింది. దాని ప్యూమిస్ రాళ్లు (నీటి మీద తేలే తేలికైన అగ్నిపర్వత రాళ్లు) అక్టోబరుకల్లా జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా తీరానికి చేరాయి.

మరీ లోతున జరిగేదాని సంగతి వేరు. 2012 జులైలో న్యూజిలాండ్‌కు ఈశాన్యంగా హావ్రే అగ్నిపర్వతం పేలినప్పుడు ముందుగా ఎవరికీ తెలియలేదు. విమానంలో వెళ్తున్న ఒకరు కిటికీలోంచి సముద్రం మీద తేలుతున్న రాళ్ల తెట్టును ఫొటో తీశారు. శాస్త్రవేత్తలు పాత ఉపగ్రహ చిత్రాలను రోజురోజుకూ వెనక్కి తిప్పి చూస్తే, ఆ తెట్టు జులై 18న హావ్రే దగ్గర మొదలైందని తెలిసింది.