కదలాలన్న తలపును యంత్రం పట్టుకునేదెలా?

కుడిచెయ్యి కదపాలని అనుకోగానే మెదడు ఎడమ సగంలో ఒక లయ తగ్గిపోతుంది. పెరగదు, తగ్గుతుంది. ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవాళ్లు మొదట తడబడేది ఇక్కడే. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు దాన్ని నడిపే కార్టెక్స్ (మెదడు పైపొర) భాగంలో అసంఖ్యాక నాడీకణాలు ఒకే తాళానికి, సెకనుకు 8 నుంచి 13 సార్లు, ఊగుతుంటాయి. దీని పేరు మ్యూ లయ. కదలిక తలపెట్టగానే ఏ కణం పనిలో అది పడుతుంది, తాళం చెదిరిపోతుంది. సభలో అందరూ కలిసి ఒకే తాళానికి చప్పట్లు కొడితే వీధిలోకి వినిపిస్తుంది. ఎవరిష్టం వారు కొడితే గోలలో కలిసిపోతుంది. నెత్తిమీద పెట్టిన ఈఈజీ (మెదడు విద్యుత్తును బయటినుంచే కొలిచే పద్ధతి) ఎలక్ట్రోడ్‌కు అందేది ఆ ఉమ్మడి తాళమే. చెయ్యి కదపకుండా, కదిపినట్టు ఊహించుకున్నా ఇదే జరుగుతుంది, కాస్త బలహీనంగా. పక్షవాతం వచ్చినవారికి దీంతో పరికరాలు నడపవచ్చన్న ఆశ పుట్టింది ఇక్కడి నుంచే.

ఆ సంకేతం పరిమాణం మాత్రం కొన్ని మైక్రోవోల్టులే. కనురెప్ప ఒక్కసారి కొట్టుకుంటే నుదుటి దగ్గర 100 మైక్రోవోల్టులు దాటుతుంది. పళ్లు బిగిస్తే దవడ కండరాల హోరు, చుట్టూ కరెంటు తీగల నుంచి 50 లేదా 60 హెర్ట్జ్ రొద. పైగా పుర్రె ఎముక సంకేతాన్ని నాలుగువైపులా అలికేస్తుంది. అందుకే జెల్ సరిగా పట్టని ఒక్క ఎలక్ట్రోడ్ వల్ల పాడైన కొలతను ఎంత మంచి నెట్‌వర్క్ (ఉదాహరణలు చూసి ఈ సంకేతాలను గుర్తుపట్టడం నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రాం) అయినా బాగుచెయ్యలేదు.

ఇక డేటా కరువు. ఈ పరిశోధనలో అందరూ వాడే ఒక సంకలనం 2008 నాటి బీసీఐ (మెదడును కంప్యూటర్‌తో కలిపే పద్ధతులు) పోటీ కోసం ఆస్ట్రియాలోని గ్రాజ్ నుంచి వచ్చింది. 9 మంది మనుషులు, 22 ఎలక్ట్రోడ్లు, సెకనుకు 250 కొలతలు. ఊహించవలసినవి నాలుగు: ఎడమచెయ్యి, కుడిచెయ్యి, పాదాలు, నాలుక. ఒక్కొక్కరికి రోజుకు 288 ప్రయత్నాల చొప్పున రెండు రోజులు. ప్రయత్నంలో 2 సెకన్ల ముక్క తీసుకున్నా 11,000 సంఖ్యలు వస్తాయి. ఒక రోజువి శిక్షణకు, రెండోరోజువి పరీక్షకు అనుకుంటే ఒక మనిషి నుంచి నేర్చుకోవడానికి ఉన్న ఉదాహరణలు 288. ఇంత తక్కువకు పెద్ద నెట్‌వర్క్ పెడితే అది నేర్చుకోదు, బట్టీ పడుతుంది. జర్మనీలోని ఫ్రైబుర్గ్ బృందం 2017లో కన్వల్యూషన్ నెట్‌వర్కులను (చిన్న ఫిల్టర్లను సంకేతం పొడవునా జరుపుతూ వెతికే పలుపొరల నెట్‌వర్కులు, అంటే డీప్ లెర్నింగ్) నెట్‌వర్క్ లేని పాత పద్ధతితో పోల్చినప్పుడు సగటు ఖచ్చితత్వం 84.0 శాతం, పాతదానికి 82.1. డీప్ లెర్నింగ్ గొప్ప ఇక్కడ అంతే, ఆ రెండు శాతమే.

2018లో వచ్చిన ఈఈజీనెట్ ఈ కరువును ఒప్పుకునే కట్టిన నమూనా. మొదటి పొరలో అరసెకను పొడవున్న 8 ఫిల్టర్లు ఏ లయలు పనికొస్తాయో వెతుకుతాయి. రెండో పొర ఆ ఒక్కొక్కదానికి రెండేసి చొప్పున, ఏ ఎలక్ట్రోడ్‌కు ఎంత బరువివ్వాలో తేలుస్తుంది. ఆ తర్వాత కాలాన్ని కుదించే పొరలు, చివర నిర్ణయం. నేర్చుకునే విలువలు కొన్ని వేలు మాత్రమే. రెండో పొర బరువులను తలబొమ్మ మీద గీసి చూడటం తప్పనిసరి పని. కుడిచెయ్యికి ఎడమవైపు సీ3, ఎడమచెయ్యికి కుడివైపు సీ4 అనే ఎలక్ట్రోడ్ల దగ్గర బరువు కనబడాలి. నుదుటి దగ్గర కనబడితే నెట్‌వర్క్ చదువుతున్నది మెదడును కాదు, కళ్లను. తెరమీద ఎడమ బాణం గుర్తు రాగానే చూపు తెలియకుండానే అటు జరుగుతుంది మరి.

నెట్‌వర్క్ ఇలా మోసపుచ్చే దారుల్లో ఇది ఒకటి మాత్రమే. 2 సెకన్ల కిటికీని 0.1 సెకను చొప్పున జరుపుతూ వేల ముక్కలు చేసి, వాటిని కలగలిపి శిక్షణకూ పరీక్షకూ పంచితే, ఒకే ప్రయత్నం తునకలు రెండువైపులా చేరతాయి. 95 శాతం వచ్చిందని సంబరపడే ఫలితాల్లో చాలావాటి గుట్టు ఇదే కావచ్చు. ముందు ప్రయత్నాలను విడదీసి, ఆ తర్వాతే ముక్కలు చెయ్యాలి. రెండోరోజు మొత్తాన్ని పరీక్షకు దాచిపెడితే ఇంకా మేలు. అనుమానముంటే ప్రయత్నాల లేబుళ్లను (ఏది ఊహించారో చెప్పే గుర్తులను) తారుమారు చేసి మళ్లీ శిక్షణ ఇవ్వండి. అప్పుడూ నాలుగింటిలో 25 శాతానికి బాగా పైన వస్తే పరీక్ష సమాచారం ఎక్కడో శిక్షణలోకి కారుతోందన్నమాట. చిన్న పరీక్షలనూ నమ్మకూడదు: రెండే ఎంపికలుండి 40 ప్రయత్నాలతో చూస్తే, గుడ్డిగా చెప్పినా ఏడెనిమిది సార్లకోసారి 60 శాతం వచ్చేస్తుంది.

పుర్రె లోపలికి వెళితే ఈ బాధలు చాలావరకు తీరతాయి. 4 మిల్లీమీటర్ల పలకమీద 96 సూదులు కార్టెక్స్‌లో దిగి విడివిడి నాడీకణాల చిటపటలు వింటాయి. 2021లో అలాంటి రెండు పలకలు అమర్చిన వ్యక్తి, చేతితో రాస్తున్నట్టు మనసులో ప్రయత్నిస్తే, రికరెంట్ నెట్‌వర్క్ (ముందు వచ్చినదాన్ని గుర్తుపెట్టుకుంటూ చదివే రకం) నిమిషానికి 90 అక్షరాల చొప్పున చదివింది. దీనికి శస్త్రచికిత్స కావాలి. సూదుల చుట్టూ కణజాలం గట్టిపడి సంకేతం సన్నగిల్లడం, రోజుకో తీరుగా మారడం ఉండనే ఉన్నాయి.

ఏ పద్ధతిలోనైనా ప్రయోగశాల దాటగానే ఎదురయ్యేది ఖాళీ సమయం. పరీక్షలో నెట్‌వర్క్ నాలుగింటిలో ఒకటి చెప్పి తీరాలి. నిజజీవితంలో మనిషి ఎక్కువసేపు ఏదీ తలచుకోడు. సెకనుకు 10 నిర్ణయాలు తీసుకునే డీకోడర్ (సంకేతాన్ని ఆజ్ఞగా మార్చే భాగం) వందకు ఒక్కసారి పొరబడినా నిమిషానికి ఆరుసార్లు చక్రాల కుర్చీ దానంతట అది కదులుతుంది. అందుకే ‘ఏమీ లేదు’ అన్నదాన్నీ ఒక తరగతిగా నేర్పి, వరసగా అయిదారు నిర్ణయాలు ఒకటే అయితేనే ఆజ్ఞ పంపుతారు. దానికి చెల్లించేది అరసెకను ఆలస్యం.