సమాధుల మధ్య సమాధి కాని రాయి

ప్రియమైన పిల్లలకు,

నేను పంపిన ఫొటో చూసి "తాతయ్యా, ఆ సిలువ కింద ఎవరిని పాతిపెట్టారు?" అని అడిగారు. ఎవరినీ పాతిపెట్టలేదు. చుట్టూ ఉన్నవన్నీ సమాధులే, ఆ సిలువ మాత్రం సమాధి కాదు. ఎందుకు కాదో ఫోనులో రెండు ముక్కల్లో చెప్పలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ ఊరి పేరు బస్‌బ్రిడ్జ్. ఇంగ్లండులోని సర్రే కౌంటీలో గోడల్మింగ్ పట్టణాన్ని ఆనుకుని ఉంటుంది. సెయింట్ జాన్ చర్చి ఆవరణలో, 1914లో మొదలైన మహాయుద్ధంలో చనిపోయిన ఆ ఊరివాళ్ల జ్ఞాపకంగా 1922లో ఆ సిలువ నిలబెట్టారు. దూరదేశాల్లో చనిపోయినవాళ్ల శవాలు ఇంటికి రాలేదు.

ఎందుకు రాలేదు? 1915 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లో ఒక యువ అధికారి చనిపోయాడు. ఆయన మాజీ ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్‌కు మనవడు. రాజుగారి అనుమతితో ఆయన శవాన్ని ఇంటికి తెచ్చారు. మరి కూలివాడి కొడుకు సంగతేమిటి? పలుకుబడి ఉన్నవాళ్ల బిడ్డలు ఇంటికి రావడం, లేనివాళ్ల బిడ్డలు పరాయి మట్టిలో ఉండిపోవడం అన్యాయమని ఫేబియన్ వేర్ అనే అధికారి పట్టుబట్టాడు. ఇక ఎవరి శవాన్నీ తేకూడదని అదే ఏడాది నిషేధం వచ్చింది. ఆయన పూనికతోనే 1917లో యుద్ధ సమాధుల సంఘం ఏర్పడింది. సేనాధిపతికైనా సిపాయికైనా ఒకే కొలత రాయి పెట్టాలని అది తీర్మానించింది. నాకు ఆ నిర్ణయం న్యాయంగానే తోస్తుంది. అయితే న్యాయమైన నిర్ణయం కూడా కన్నతల్లికి గుండెకోతే కదా. ఫ్రాన్స్‌కు వెళ్లి కొడుకు సమాధి చూసి వచ్చే స్తోమత ఆ రోజుల్లో ఎంతమందికి ఉండేది? చాలామందికి అసలు సమాధే దొరకలేదు.

మన ఇంట్లో మీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి ఉంది. మా పెదనాన్నగారు రెండో ప్రపంచయుద్ధంలో బర్మాకు వెళ్లి తిరిగి రాలేదు. పోయిన తిథి ఏదో తెలియదు. అందుకని మా నాన్నగారు ఏటా మహాలయ అమావాస్యనాడే అన్నగారికి తర్పణం వదిలేవారు. ఆ రోజు మా నానమ్మ వీధి అరుగు మీదే కూర్చునేది. ఎవరు పిలిచినా లోపలికి వచ్చేది కాదు. బస్‌బ్రిడ్జ్ సిలువ ముందు నిలబడ్డప్పుడు నాకు ఆ అరుగే గుర్తొచ్చింది. నానమ్మకు అటువంటి రాయి ఒకటి ఊళ్లో ఉండి ఉంటే, వెళ్లి ఒక పువ్వు పెట్టి వచ్చేది.

ఇంగ్లండు పల్లెల్లో ఈ రాళ్లు ప్రభుత్వం కట్టించినవి కావు. ఊరివాళ్లే చందాలు వేసుకున్నారు. సిలువ పెట్టాలా, సభామందిరం కట్టాలా అని చాలా ఊళ్లలో వాదులాడుకున్నారు. పేర్లు హోదా ప్రకారం రాయాలా, అక్షరక్రమంలో రాయాలా అనీ తర్జనభర్జన పడ్డారు. కొన్ని రాళ్ల మీద 1914-1918 అని, కొన్నింటి మీద 1914-1919 అని కనిపిస్తుంది. అది చెక్కినవాళ్ల పొరపాటు కాదు. కాల్పులు ఆగింది 1918 నవంబరులో, వెర్సాయ్ సంధి జరిగింది 1919లో. యుద్ధం ఎప్పుడు ముగిసిందన్న ప్రశ్నకు ఏ ఊరి జవాబు ఆ ఊరిది.

బస్‌బ్రిడ్జ్ సిలువను రూపొందించింది ఎడ్విన్ లుట్యెన్స్. ఢిల్లీలో మీరు చూసిన ఇండియా గేట్ ఆయనదే. దాని మీద పదమూడు వేలకు పైగా పేర్లున్నాయి. అంతటి కట్టడం గీసిన చేయే ఈ పల్లెకు ఈ చిన్న సిలువనూ గీసింది. పైకి పోయేకొద్దీ సన్నబడే స్తంభం, కొనకు దగ్గరగా రెండు పొట్టి చేతులు, అంతే. మన వీరగల్లుల మీద కత్తి పట్టిన వీరుడి బొమ్మ ఉంటుంది. ఇక్కడ కత్తీ లేదు, గుర్రమూ లేదు. లుట్యెన్స్‌కు ఈ ఊరు కొత్త కాదు. తోటల నిపుణురాలు గెర్ట్రూడ్ జెకిల్‌కు మన్‌స్టెడ్ వుడ్ అనే ఇల్లు ఆయన కట్టింది ఇక్కడే. ఫ్రాన్స్‌లోని కొన్ని సైనిక శ్మశానాల్లో ఏయే మొక్కలు నాటాలో ఆవిడే గీసి ఇచ్చారు. 1932లో కన్నుమూసిన జెకిల్ సమాధి కూడా ఈ చర్చి ఆవరణలోనే ఉంది.

ఇంగ్లండులో లుట్యెన్స్ రూపొందించిన ఇటువంటి స్మారకాలు 44 ఉన్నాయి. 2015లో వాటన్నిటినీ కలిపి జాతీయ సంపదగా గుర్తించారు. ఇలా రక్షిత జాబితాలోకి ఎక్కిన కట్టడాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీల్లేదు. చర్చి ఆవరణలో ఉంటే చర్చి న్యాయస్థానం అనుమతి కూడా కావాలి. మంచి మనసుతో చేసే హాని కూడా ఉంటుంది, అందుకే ఈ కట్టుబాట్లు. రాయి నల్లబడిందని ఇనుప బ్రష్షుతో రుద్దినా, ఆమ్లం పోసినా, జోరుగా నీళ్లు కొట్టినా మురికితోపాటు రాతి పైపొర కూడా పోతుంది. సున్నపురాయి మెత్తన. నాలుగుసార్లు అలా "శుభ్రం" చేస్తే ఒక మనిషి పేరు చెరిగిపోతుంది. ఆ కుర్రవాడికి ఊళ్లో మిగిలింది ఆ పేరు ఒక్కటే.

నవంబరు రెండో ఆదివారం ఉదయం పదకొండింటికి జనం ఇలాంటి స్మారకాల దగ్గర చేరి రెండు నిమిషాలు మౌనంగా నిలబడతారు, ఎర్ర గసగసాల పూల దండలు ఉంచుతారు. వేసవి సెలవుల్లో మీరు వచ్చినప్పుడు మనమూ ఆ సిలువ దగ్గరికి వెళ్దాం. పెందలాడే లేవాలి. ఎండ పక్కవాటుగా పడినప్పుడే అరిగిన అక్షరాలు తేలి కనిపిస్తాయి. పేర్లు మీరు పైకి చదవండి, నేను వింటాను.

ప్రేమతో,
మీ తాతయ్య