ముందు ఎవరింటికి?

చిరంజీవి బుజ్జికీ, బుజ్జితో పాటు ఈ ఉత్తరం చదివే పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

బుజ్జీ, నీ ఉత్తరం అందింది. "స్కూలు బస్సు మన సందు ముందు నుంచే వెళ్తుంది తాతయ్యా. అక్కడ నన్ను దించకుండా కాలనీలన్నీ తిరిగి, మళ్ళీ అదే సందు దగ్గరికి వచ్చి చివర్న దించుతుంది. డ్రైవర్ అంకుల్‌కి ఆ మాత్రం తెలీదా?" అని అడిగావు. ఆయనకి తెలుసో లేదో ఇంత దూరం నుంచి నేనేం చెప్పగలను? నీ ప్రశ్న మాత్రం చిన్నది కాదమ్మా. ఎక్కడెక్కడికి వెళ్ళాలి, ఎవరి దగ్గరికి ముందు, ఎవరి దగ్గరికి తర్వాత, ఎలా వెళ్తే ఖర్చు తగ్గుతుంది అన్నదాని మీద ఆపరేషన్స్ రీసెర్చ్ అని ఒక పెద్ద చదువే ఉంది. పేరు చూసి కంగారు పడకు. మా బాబాయికి ఆ పేరు కూడా తెలీదు. నాకు మాత్రం అందులో మొదటి పాఠం ఆయనే చెప్పాడు, శుభలేఖలు పంచుతూ.

మాది కోనసీమ అని నీకు తెలుసుగా. మా చిన్నప్పుడు పెళ్ళి పిలుపంటే ఫోన్లో బొమ్మ పంపేసి చేతులు దులుపుకోవడం కాదు. ఇంటికి వెళ్ళాలి, శుభలేఖ చేతికివ్వాలి, "మీరంతా రెండ్రోజులు ముందే రావాలి" అనాలి, వాళ్ళిచ్చిన మజ్జిగ తాగాలి. తాగకపోతే అదో మాట పడేది. అత్తయ్య పెళ్ళి మాఘమాసంలో కుదిరింది. ఊళ్ళో ఇళ్ళకి అమ్మా పిన్నీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచారు. పై ఊళ్ళు బాబాయి వంతు. ఆయన సైకిలు తొక్కుతుంటే వెనక క్యారియర్ మీద నేను, నా ఒళ్ళో అంచులకి పసుపు రాసిన శుభలేఖల సంచీ.

బయల్దేరే ముందు రాత్రి బాబాయి అరుగు మీద లాంతరు పెట్టుకుని జాబితా రాశాడు. మొదటిది దేవుడికి, రెండోది మేనమామగారికి. ఆ రెంటికీ బేరం లేదు. మిగిలిన ఊళ్ళ పేర్లు రాస్తాడు, కొట్టేస్తాడు, మళ్ళీ రాస్తాడు. నాకు విసుగొచ్చి, "దగ్గరున్న ఊరికి వెళ్దాం, అక్కణ్ణుంచి దానికి దగ్గరున్న ఊరికి వెళ్దాం, అంతే కదా?" అన్నాను. "అలా వెళ్తే పొద్దున్న బాగానే ఉంటుందిరా. చీకటి పడేసరికి ఏటికి అవతల ఒక్క ఇల్లు మిగులుతుంది," అన్నాడు.

అది నిజంగా గొప్ప మాట. ఎప్పటికప్పుడు దగ్గరిది ఎంచుకుంటూ పోతే మొదట్లో అంతా సుళువు. వదిలేసుకుంటూ వచ్చిన దూరపు ఊళ్ళన్నీ కలిసి చివర్న మీద పడతాయి. అందుకని బాబాయి ముక్తేశ్వరం రేవు అవతలి ఊళ్ళన్నీ ఒక కట్టగా కట్టాడు. పడవెక్కి గౌతమి దాటి కోటిపల్లిలో దిగడం, ద్రాక్షారామం వైపు ఉన్నవాళ్ళందరినీ ఒక్క ఊపున పిలిచేయడం, మళ్ళీ ఒక్కసారే ఏరు దాటి రావడం. అంతేగాని శుభలేఖకో పడవ కాదు. ఆ అవతలి ఊళ్ళలో ఎవరో నాకు ఉడకబెట్టిన తేగలు పెట్టారు. తిరుగు పడవలో అవి నములుతూ, పీచు ఏట్లోకి విసురుతూ వచ్చాను. పడవవాడు కేకలేశాడు. సరే, ఆ కథ వేరు.

జాబితా అంతసేపు ఎందుకు రాస్తున్నాడా అని నేను విసుక్కున్నానే, దాని సంగతి చెప్తాను. మూడు ఊళ్ళుంటే, ఇంటి దగ్గర బయల్దేరి అన్నీ తిరిగి ఇంటికి రావడానికి మూడే రకాల దారులు. ఒకే దారిని ముందు నుంచి వెనక్కి తిరిగినా దూరం అంతే కాబట్టి దాన్ని ఒకటిగానే లెక్కేస్తున్నాను. నాలుగు ఊళ్ళైతే 12. ఐదైతే 60. ఇక్కడిదాకా కాగితం మీద రాసుకోవచ్చు. పదైతే? 18,14,400. పదిహేనైతే 65 వేల కోట్లు దాటిపోతుంది. ఇరవై ఊళ్ళకి శుభలేఖలు పంచాలనుకో. సెకనుకి కోటి దారులు కొలిచే యంత్రం తెచ్చి పెట్టినా, అన్నీ కొలవడానికి 3,800 ఏళ్ళు పైనే పడుతుంది. అప్పటికి పెళ్ళికొడుకు ఏమవుతాడు! జాబితాలో ఒక్క ఊరు చేర్చితే పని ఒక్క ఊరంత పెరగదు. ఇరవయ్యో ఊరు చేరగానే అంతకు ముందున్న దారులన్నీ ఇరవై రెట్లవుతాయి. నేను ఇన్నేళ్ళ వాణ్ణి, ఈ లెక్క చూసినప్పుడల్లా ఇప్పటికీ నోరు తెరుస్తాను.

మరి అన్నీ కొలవకుండా ఇదే పొట్టి దారి అని ఎలా చెప్తారు? ఇదే నాకు బాగా నచ్చిన ముచ్చట, కాస్త నెమ్మదిగా చదువు. ప్రతి ఊళ్ళోకీ ఒక దారిన వస్తాం, ఇంకో దారిన పోతాం. అంటే ఊరికి రెండు దారులు తప్పవు. సరే, ప్రతి ఊరికీ అన్నిటికన్నా దగ్గర్లో ఉన్న రెండు ఊళ్ళ దూరాలు రాసుకో. అన్నీ కూడి సగం చెయ్యి. ఒక్కో దారీ రెండు చివర్లా రెండు ఊళ్ళ లెక్కలో పడుతుంది కదా, అందుకే సగం. ఆ వచ్చిన మొత్తం కన్నా తక్కువ దూరంలో ఆ ఊళ్ళన్నీ తిరిగి రావడం ఎవరి తరమూ కాదు. అది 40 మైళ్ళు వచ్చిందనుకో, బాబాయి గీసిన దారి 44 మైళ్ళనుకో. ఇంక ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా మిగిలేది నాలుగు మైళ్ళకి మించదని కూర్చున్న చోటే తేలిపోయింది!

1954లో అమెరికాలో డాంట్జిగ్, ఫుల్కర్‌సన్, జాన్సన్ అని ముగ్గురు ఈ పనే పట్టుకున్నారు. అప్పట్లో వాళ్ళకి 48 రాష్ట్రాలు. రాష్ట్రానికో ఊరు, వాషింగ్టన్‌తో కలిపి 49. ముందు ఒక మంచి దారి గీశారు. తర్వాత "ఇంతకన్నా తగ్గదు" అనే ఆ కింది అంకెను, డాంట్జిగ్ 1947లో కనిపెట్టిన పద్ధతితో కొంచెం కొంచెంగా పైకి జరిపారు. జరిపి జరిపి తమ దారి పొడవుకు తాకించారు. రెండూ ఒకటయ్యాక ఇంక వెతకడానికి ఏముంది? 2006లో ఇలాగే 85,900 చుక్కలకి పొట్టి దారి తేల్చారు. అవి ఊళ్ళు కావులే, కంప్యూటర్ చిప్పు మీది చుక్కలు.

మొదట్లో చెప్పానే ఆపరేషన్స్ రీసెర్చ్ అని, ఆ చదువు ఊపందుకున్నది రెండో ప్రపంచ యుద్ధంలో. సరుకు ఓడలు చిన్న చిన్న గుంపులుగా వెళ్ళడం కన్నా పెద్ద గుంపుగా వెళ్తే, వెళ్ళినవాటిలో మునిగే వంతు తగ్గుతుందని బ్రిటన్ శాస్త్రవేత్తలు లెక్క కట్టి చెప్పారు. యుద్ధం కబుర్లు నాకు అంత ఇష్టం ఉండవు కాబట్టి అక్కడితో వదిలేస్తాను. మన దేశానికి ఇది రావడం ఆలస్యమేం కాలేదు. 1949లోనే హైదరాబాదు ప్రాంతీయ పరిశోధనాలయంలో దీనికో విభాగం పెట్టారు. మన దేశంలో అదే మొదటిదని చెప్తారు. అంతకన్నా ముందే, 1930ల చివర్లో, కలకత్తాలో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ గారు బెంగాల్లో జనపనార ఎన్ని ఎకరాల్లో వేశారో తేల్చే పని నెత్తికెత్తుకున్నారు. అన్ని పొలాలూ కొలవలేరు కాబట్టి అక్కడక్కడా కొన్ని ఎంచుకుని కొలవాలి. కొలతకి ఎంత టైం పడుతుందో అందరూ చూస్తారు. ఆయన మాత్రం మనుషులు ఒక పొలం నుంచి ఇంకో పొలానికి నడిచే నడకను కూడా లెక్కలో వేశారు. ఒకే ప్రాంతంలో కొలిచే పొలాలు నాలుగింతలైతే నడక నాలుగింతలు కాదు, దాదాపు రెండింతలే అవుతుంది. శుభలేఖలకీ అంతే. పిలిచే ఇళ్ళు ఎక్కువైన కొద్దీ ఇంటికీ ఇంటికీ మధ్య నడక తగ్గుతుంది. మజ్జిగ మాత్రం తగ్గదు, ఎన్ని ఇళ్ళుంటే అన్ని గ్లాసులు!

ఇప్పుడు నీ బస్సు సంగతి చూద్దాం. బస్సంటే ఏమిటి? శుభలేఖల సంచీయే. ఇంటింటి దగ్గరా ఆగి సంచీలోంచి ఒక్కో శుభలేఖా తీసిస్తుంది. తేడా ఒక్కటే, నా ఒళ్ళో ఉన్న శుభలేఖలకి ఆకలి వేసేది కాదు. మీకు వేస్తుంది. అందుకని ఇక్కడ మైళ్ళు ఒక్కటే లెక్కేస్తే చాలదు.

మీ సందు ఇరుకు. బస్సు లోపలికి వెళ్ళి, నిన్ను దించి, వెనక్కి తిప్పుకుని రావడానికి ఐదు నిమిషాలు అనుకుందాం. నిన్ను ముందే దించితే బస్సులో ఉన్న మిగతా 30 మంది ఒక్కొక్కరూ ఐదేసి నిమిషాలు కూర్చోవాలి. మొత్తం 150 నిమిషాలు. నిన్ను చివర్న దించితే నువ్వొక్కదానివి 35 నిమిషాలు ఎక్కువ కూర్చుంటావు. ఇప్పుడు చెప్పు, ఎవరికి తెలీదు? కానీ మీ సందులోనే ఇంకో నలుగురు పిల్లలు ఉన్నారనుకో. అప్పుడు మీ ఐదుగురిదీ కలిపి 175 నిమిషాలు, మిగిలిన 26 మందిదీ 130. అదే బస్సు, అదే సందు, లెక్క తిరగబడింది! మీకోసమే ముందు ఆగాలి.

ఇంకో సంగతి. ఉదయం నిన్ను అందరికన్నా చివర్న ఎక్కించుకుంటారనీ, అందుకే అరగంట ఎక్కువ పడుకుంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ ముక్క నీ ఉత్తరంలో కనబడలేదేం తల్లీ? ముందు ఎక్కినవాళ్ళు ముందు దిగుతారు, చివర ఎక్కినవాళ్ళు చివర దిగుతారు. రోజంతా కలిపి చూస్తే అందరికీ దాదాపు సమానం. సాయంత్రం ఒక్కటే చూసుకుంటే అన్యాయంగానే కనిపిస్తుంది.

కాబట్టి పొట్టి దారి వెతికే ముందు, ఏది పొట్టిగా ఉండాలో ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి. డీజిలా? పిల్లలందరి టైమా? అందరికన్నా ఎక్కువసేపు కూర్చునే ఒక్క పిల్ల టైమా? మూడింటికీ మూడు దారులు వస్తాయి. కంప్యూటర్ నువ్వడిగింది వెతుకుతుంది, ఏది అడగాలో అది చెప్పదు. మా జాబితాలో సముద్రం వైపు ఒక లంకలో నాయనమ్మకి వరసకి అక్క ఒకావిడ ఉండేది. ఒక్క ఇల్లు, దానికోసం పూట పోతుంది. మైళ్ళు తగ్గించమంటే లెక్క మొట్టమొదట కొట్టేయమనేది ఆ ఇంటినే. బాబాయి పెన్సిలు దాని మీద ఆగడం చూసి నాయనమ్మ, "అది నా అక్క. దాన్ని పిలిచాకే మిగతా లెక్కలు వేసుకో," అంది. అంతే, దేవుడికీ మేనమామకీ లాగే ఆ ఇంటికీ బేరం పోయింది. మనుషుల్ని పిలిచే జాబితాల్లో ఇలాంటి గీతలు ముందే గీసుకోవాలి. దూరంగా, ఒంటరిగా ఉన్నవాళ్ళని కొట్టేయడమే లెక్కకి ఎప్పుడూ సుళువు.

అట్లాంటా అనే అమెరికా ఊళ్ళో ఒంటరి ముసలివాళ్ళ ఇళ్ళకి భోజనం పట్టుకెళ్ళే సంస్థ ఒకటి ఉండేది. దాని పద్ధతి గురించి 1983లో రాశారు. కంప్యూటర్ లేదు. ఊరి పటమంతా నిండేలా ఒక మెలికల గీత ఊహించుకున్నారు. ఏ ఇల్లు ఆ గీత మీద ఎక్కడ వస్తుందో ఆ అంకె కార్డు మీద రాసి, కార్డులు వరసగా పెట్టేశారు. ఎవరైనా కొత్తగా చేరితే వాళ్ళ కార్డు దాని చోట్లో దూర్చడం, ఎవరైనా పోతే తీసేయడం. ఈ పద్ధతిలో దారి అసలైన పొట్టి దారి కన్నా సుమారు పాతిక శాతం ఎక్కువే వస్తుంది. రాత్రంతా లెక్కలు వేస్తూ కూర్చునే కన్నా అన్నం వేడిగా అందడం ముఖ్యమని సరిపెట్టుకున్నారు. నాకది భేషుగ్గా ఉంది.

ఇక నేను చెప్పడం ఆపి, నీకో పని చెప్తాను. మన రెండు రాష్ట్రాల పటం ఒక అట్ట మీద అంటించు. నీకు నచ్చిన పన్నెండు ఊళ్ళ దగ్గర గుండుసూదులు గుచ్చు. అమ్మనడిగి దారం తీసుకుని ఒక సూదికి కట్టి, అన్ని సూదులూ ఒక్కోసారి చుట్టి మొదటిదాని దగ్గరికి తీసుకురా. ఇప్పుడు చూడు, దారం తనను తాను ఎక్కడైనా దాటిందా? దాటిన చోట ఆ రెండు పోగులూ విప్పి, అడ్డం రాకుండా వేరే రకంగా చుట్టు. ప్రతిసారీ దారం కొంచెం మిగులుతుంది. ఎందుకు మిగులుతుందో నేను చెప్పను, పోగులు దాటే చోట వేలు పెట్టి చూడు. అడ్డాలన్నీ పోయాక కూడా ఇంకా తగ్గించొచ్చేమో తమ్ముణ్ణి పిలిచి పందెం వేసుకోండి. ఎవరి దారం పొట్టిదైతే వాళ్ళది కవర్లో పెట్టి నాకు పంపండి. నేను స్కేలు పెట్టి కొలుస్తాను. సాగదీసి పంపితే తెలిసిపోతుంది.

ఇట్లు,
మీ తాతయ్య