ఆదివారం చర్చికి వచ్చి వెళ్తే చాలా? సంఘ సహవాసంపై అపోహలు - వాస్తవాలు

అపోహ: విశ్వాసం నాకూ దేవునికీ మధ్య సంగతి. ఇంట్లో ఆరాధన లైవ్ పెట్టుకుంటే చాలు, ‘ఇద్దరు ముగ్గురు నా పేరట ఎక్కడ కూడితే అక్కడ నేనుంటాను’ అని ప్రభువే అన్నాడుగా.

ఆ మాట మత్తయి 18:20లో ఉంది. కాస్త పైకెళ్లి 15వ వచనం నుంచి చదవండి. సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడమని, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకు వెళ్లమని, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పమని ఉంటుంది. తగవు తీర్చుకోవాల్సిన మనుషులకు చెప్పిన మాట అది. లైవ్‌లో వాక్యం వినొచ్చు. కానీ జబ్బుపడితే సంఘ పెద్దలను పిలిపించుకోమంటాడు యాకోబు తన పత్రికలో (5:14). మీ ఇల్లెక్కడో తెలియని పెద్దలను ఎలా పిలుస్తారు? మంచాన పడ్డవాళ్లకు, ఆదివారం డ్యూటీ ఉన్నవాళ్లకు లైవ్ మేలే. ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) మాత్రం సంఘమే వాళ్లింటికి తీసుకెళ్లాలి.

మన దగ్గర విశ్వాసం ఒంటరిగా రాలేదు కూడా. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కుటుంబాలకు కుటుంబాలే కదిలి వచ్చాయి.

అపోహ: ప్రేమగల సంఘమైతే కొత్తవాళ్లు వాళ్లంతట వాళ్లే కలిసిపోతారు.

కలిసిపోరు. ఆరాధన అయ్యాక మొదటి పది నిమిషాలు గమనించండి. పాతవాళ్లు పాతవాళ్లతో మాటల్లో పడతారు, కొత్త మనిషి చెప్పులు వెతుక్కుని వెళ్లిపోతాడు. గేటు దగ్గర ‘ప్రైజ్ ద లార్డ్ బ్రదర్’ అన్నవాళ్లకు అతని పేరు కూడా తెలియదు. చెప్పుల దగ్గర ఒకరిని, లోపల పక్కన కూర్చోడానికి ఒకరిని ముందే అనుకుని పెట్టుకోండి. పేరు, ఉండే వీధి, చేసే పని అడిగితే చాలు. ‘ఇంటిపేరేంటి, మీదే ఊరు’ అని మొదలుపెడితే కులం ఆరా తీస్తున్నారని ఎదుటివాళ్లకు ఇట్టే తెలుస్తుంది. మంగళవారంలోగా ఒక ఫోన్ చేయండి, అందులో కానుకల ఊసెత్తకండి.

అపోహ: కాటేజీ మీటింగ్ (వంతులవారీగా ఇళ్లలో పెట్టే కూడిక) అంటే ఇంట్లో జరిగే చిన్న ఆరాధన.

ఎక్కువ కూడికలు చెడేది ఇక్కడే. మైకు, కీబోర్డు, ముప్పావుగంట ప్రసంగం పెడితే ఇంటికొచ్చినా ఎవరి గోడు వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. ఎనిమిది నుంచి పన్నెండు మంది, చాపల మీద గుండ్రంగా, గంటంపావు. రెండు పాటలకు పది నిమిషాలు, వాక్యానికి పదిహేను, ప్రార్థన మనవులు చెప్పుకోడానికి ఇరవై ఐదు, ప్రార్థనకు ఇరవై ఐదు. పదిహేను మంది దాటితే ఎప్పుడూ మాట్లాడే ముగ్గురే మాట్లాడతారు, మిగతావాళ్లు తలూపుతారు. అప్పుడిక రెండిళ్లుగా విడిపోవాలి.

తిండి సంగతి ఇంకో తంటా. మొదటి ఇంట్లో టీ, రెండో ఇంట్లో ఉప్మా, నాలుగో ఇంట్లో బిర్యానీ. ఐదో ఇంటావిడ ‘ఈ నెల మా ఇంట్లో వద్దండీ’ అంటుంది. పైకి కారణం వేరే చెబుతుంది. టీ, బిస్కెట్ దాటకూడదని మొదటి రోజే అనుకోండి. కొరింథు సంఘంలో కలిగినవాళ్లు ముందే తినేసి లేనివాళ్లను సిగ్గుపరుస్తున్నారనే పౌలు కోప్పడ్డాడు (1 కొరింథీ 11).

మనవి ఎవరిది వాళ్లే చెప్పుకోవాలి. ‘ఫలానావాళ్లబ్బాయి తాగుతున్నాడంట, ప్రార్థించండి’ అన్నది మనవి కాదు, వార్త. ఒక నోటుపుస్తకంలో తేదీ, పేరు, మనవి రాసి, మళ్లీ కూడినప్పుడు ముందు దాన్నే తెరవండి. భార్యాభర్తల గొడవలు, అప్పులు మాత్రం పుస్తకంలోకీ ఎక్కకూడదు, వాట్సాప్ గ్రూపులోకీ ఎక్కకూడదు.

అపోహ: మా సంఘంలో కులం లేదు.

ఆదివారం హాజరు చూసి చెప్పకండి. కమిటీ పేర్లు, పెళ్లి సంబంధాలు, సమాధుల తోట చూసి చెప్పండి. యెరూషలేములో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ వడ్డనలో అన్యాయం జరుగుతోందని సణుగు పుట్టినప్పుడు అపొస్తలులు ‘ప్రార్థిద్దాం’ అని సరిపెట్టలేదు. ఆ పనికి ఏడుగురిని పెట్టించారు, ఏడూ గ్రీకు పేర్లే (అపొ. కార్య. 6).

అపోహ: రానివాళ్లను వదిలేయాలి, వెంటపడితే బాగుండదు.

మొదటి వారం మెసేజ్, రెండో వారం ఫోన్, మూడో వారం ఇద్దరు కలిసి ఇంటికి. గుమ్మంలో ‘ఎందుకు రావట్లేదు’ అంటే తలుపు అక్కడే మూసుకుంటుంది. ‘ఎలా ఉన్నారు’ అని అడిగి, ఇచ్చిన మంచినీళ్లు తాగి, వాళ్లు చెప్పేది వినండి. అరగంట దాటకుండా లేవండి.