ప్రదేశం మనం నిర్ణయిస్తాం, వ్యాప్తిని వెతుక్కోవాలి

ఒక రాయిని సెకనుకు 19.6 మీటర్ల వేగంతో నిటారుగా పైకి విసిరామనుకుందాం. గాలి నిరోధాన్ని పక్కన పెడితే, అది నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో చెప్పే సూత్రం సులువైనదే: గడిచిన సెకన్లను 19.6తో గుణించి, అందులోంచి ఆ సెకన్ల వర్గానికి 4.9 రెట్లు తీసివేయాలి. 1 సెకను తర్వాత రాయి 14.7 మీటర్ల ఎత్తులో ఉంటుంది, 2 సెకన్లకు 19.6 మీటర్లకు చేరుతుంది, 3 సెకన్లకు మళ్ళీ 14.7 మీటర్లకు దిగుతుంది, 4 సెకన్లకు నేలను తాకుతుంది. ఇప్పుడు అదే సూత్రంలో 5 సెకన్లు వేసి చూస్తే జవాబు −24.5 వస్తుంది. రాయి నేలలోకి ఇరవైనాలుగున్నర మీటర్లు దిగిపోలేదు, మన గుణకారంలోనూ తప్పు లేదు. ఈ సూత్రం ఏ క్షణం నుంచి ఏ క్షణం వరకు చెల్లుతుందో ముందుగా చెప్పుకోకపోవడమే ఇక్కడ జరిగిన లోపం.

ఇచ్చిన ప్రతి విలువకూ ఒకే ఒక్క జవాబిచ్చే ఇలాంటి నియమాన్ని ప్రమేయం (ఫంక్షన్) అంటారు. 0 నుంచి 4 వరకు ఉన్న క్షణాలన్నీ ఈ ప్రమేయానికి ప్రదేశం. ఆ క్షణాల్లో రాయి అందుకునే ఎత్తులన్నీ, అంటే 0 నుంచి 19.6 మీటర్ల వరకు ఉన్న విలువలన్నీ, దాని వ్యాప్తి. పాఠ్యపుస్తకాల్లో ఈ రెండు మాటలూ ఎప్పుడూ జంటగా వస్తాయి. ‘ప్రదేశాన్ని, వ్యాప్తిని కనుక్కోండి’ అన్న ప్రశ్న రెండింటినీ ఒకే గాటన కట్టేస్తుంది. అందువల్ల అవి ఒకే రకమైన రెండు లెక్కలన్న అభిప్రాయం విద్యార్థుల్లో స్థిరపడిపోతుంది. ఈ విషయం సరిగా బోధపడకుండా అడ్డుపడేది ఆ అభిప్రాయమేనని నా నమ్మకం. ప్రదేశం మనం ముందుగా చేసే నిర్ణయం, ప్రమేయాన్ని నిర్వచించడంలో అదొక భాగం. వ్యాప్తి ఆ నిర్ణయం నుంచి పుట్టే ఫలితం. దాన్ని వెతికి పట్టుకోవాలి, ఆ వెతుకులాట ఒక్కోసారి గణితంలోనే అతి కష్టమైన ప్రశ్నల దాకా తీసుకుపోతుంది.

ప్రమేయం కంటే ముందు సంబంధం గురించి చెప్పుకోవాలి, ఎందుకంటే ప్రతి ప్రమేయమూ ఒక సంబంధమే. రెండు సమితులు తీసుకుని, మొదటి దానిలోంచి ఒక మూలకాన్ని, రెండో దానిలోంచి ఒక మూలకాన్ని ఆ వరుసలోనే పక్కపక్కన పెడితే అది క్రమయుగ్మం అవుతుంది. వరుస ఇక్కడ ప్రాణం: (2, 5) వేరు, (5, 2) వేరు. ఇలా సాధ్యమయ్యే క్రమయుగ్మాలన్నీ కలిపితే ఆ రెండు సమితుల కార్టీజియన్ లబ్ధం వస్తుంది. అందులోంచి మనకు నచ్చిన కొన్ని యుగ్మాలను ఏరుకుంటే, ఆ ఏరుకున్న గుంపే సంబంధం. అంతకు మించిన షరతు ఏదీ లేదు. ‘కంటే చిన్నది’, ‘నిశ్శేషంగా భాగిస్తుంది’, ‘ఫలానావారి బిడ్డ’ అనేవన్నీ సంబంధాలే. ఏ పోలికా లేకుండా చేతికొచ్చినట్టు ఏరుకున్న యుగ్మాల గుంపు కూడా సంబంధమే, ఒక్క యుగ్మాన్ని కూడా ఏరుకోకుండా ఊరుకున్నా అది శూన్య సంబంధం అవుతుంది.

ఇంత స్వేచ్ఛ ఉన్న సంబంధానికి రెండు కట్టుబాట్లు పెడితే అది ప్రమేయం అవుతుంది. మొదటి సమితిలోని ఏ మూలకమూ జతలేకుండా మిగిలిపోకూడదు, ఏ మూలకానికీ రెండు జతలు ఉండకూడదు. మనుషులందరి సమితిలో ప్రతి వ్యక్తికీ కన్నతల్లిని జతచేస్తే అది ప్రమేయం, ఎందుకంటే కన్నతల్లి లేని మనిషి లేడు, ఇద్దరు కన్నతల్లులున్న మనిషీ లేడు. అదే సంబంధాన్ని తిరగేసి ప్రతి స్త్రీకీ ఆమె బిడ్డను జతచేయబోతే రెండు కట్టుబాట్లూ తెగిపోతాయి: కొందరికి బిడ్డలు ఉండరు, కొందరికి ఒకరి కంటే ఎక్కువమంది ఉంటారు. ఇక్కడ చాలామంది తడబడేది ఒక చోట ఉంది. ఒకే తల్లికి నలుగురు బిడ్డలు ఉండటం మొదటి ప్రమేయాన్ని ఏమాత్రం చెడగొట్టదు. నలుగురు బయలుదేరి ఒకే గమ్యానికి చేరవచ్చు. ఒక్కరు బయలుదేరి రెండు గమ్యాలకు చేరడమే కుదరదు.

ఈ రెండు కట్టుబాట్లు ఎంత గట్టివో లెక్కపెడితే తెలుస్తుంది. మూడు మూలకాల సమితి నుంచి రెండు మూలకాల సమితికి 6 క్రమయుగ్మాలు ఉంటాయి. ఒక్కొక్కదాన్ని తీసుకోవడమో వదిలేయడమో చేయవచ్చు కాబట్టి 64 సంబంధాలు సాధ్యం, అందులో ప్రమేయాలు 8 మాత్రమే. పదేసి మూలకాలున్న రెండు సమితులు తీసుకుంటే ప్రమేయాలు 1000 కోట్లు, సంబంధాల లెక్క మాత్రం 31 అంకెల సంఖ్య.

గణితంలో ఈ భావన ఇంత విశాలంగా మొదలుకాలేదు. లైబ్నిట్జ్ 1673 నాటి ఒక రాతప్రతిలో ‘ఫంక్షన్’ అన్న పదాన్ని వాడినప్పుడు ఆయన మనసులో ఉన్నది వక్రరేఖలకు సంబంధించిన కొన్ని పొడవులు. 1718లో జొహాన్ బెర్నూలీ, 1748లో లియొనార్డ్ ఆయిలర్, చరరాశులతోనూ స్థిరరాశులతోనూ కూర్చిన సమాసమే ప్రమేయమన్నారు. అంటే సూత్రం ఉంటేనే ప్రమేయం. ఒక చిన్న పరిధిలో ఒకే విలువలిచ్చే రెండు సూత్రాలు అంతటా ఒకటే అయి తీరాలన్న నమ్మకం కూడా ఆ కాలంలో ఉండేది. ఉష్ణ ప్రసారం గురించి 1807లో ఫూరియే సమర్పించిన పరిశోధన ఆ నమ్మకాన్ని కుదిపేసింది. అనంతంగా సాగే సైన్ పదాల మొత్తం ఒక పరిధి లోపల అచ్చంగా సరళరేఖలా ప్రవర్తించి, ఆ పరిధి దాటగానే వేరే దారి పట్టవచ్చని ఆయన పని నుంచి తేలింది. ‘ఈ రెండూ సమానమా’ అన్న ప్రశ్నకు ‘ఎక్కడ’ అన్న మాట చేర్చకుండా జవాబు చెప్పడం అసాధ్యమైపోయింది. ప్రదేశం అనే భావనకు అసలైన అవసరం పుట్టింది ఇక్కడేనని నేను అనుకుంటాను.

1829లో డిరిక్లే మరింత ముందుకు వెళ్ళి, అకరణీయ సంఖ్యలన్నిటికీ (రెండు పూర్ణసంఖ్యల భిన్నంగా రాయగలిగినవాటికి) ఒక విలువ, కరణీయ సంఖ్యలన్నిటికీ (అలా రాయలేనివాటికి) మరొక విలువ ఇచ్చే ప్రమేయాన్ని చర్చకు పెట్టాడు. దాని గ్రాఫును గీయడం ఎవరి తరమూ కాదు. అయినా అది లోపంలేని ప్రమేయం: ఏ వాస్తవ సంఖ్యకూ జవాబు లేకపోలేదు, దేనికీ రెండు జవాబులు లేవు. వాస్తవ సంఖ్యలన్నీ నిండిన ప్రదేశం మీద నిలబడి, దాని వ్యాప్తి రెండంటే రెండు విలువలకు కుదించుకుపోయింది.

అందువల్ల సూత్రం ఒకటే అయినా ప్రదేశం మారితే ప్రమేయం మారిపోతుంది. ఒక సంఖ్య వర్గం నుంచి 4 తీసివేసి, వచ్చినదాన్ని ఆ సంఖ్య కంటే 2 తక్కువైన దానితో భాగించమన్నారనుకోండి. కొట్టివేతలు చేస్తే అది ‘ఆ సంఖ్యకు 2 కలుపు’ అన్న ప్రమేయంగానే కనిపిస్తుంది. కాని 2 దగ్గర హారం సున్నా అవుతుంది కాబట్టి మొదటి దాని ప్రదేశంలో 2 లేదు, ఫలితంగా దాని వ్యాప్తిలో 4 లేదు. రెండు గ్రాఫులకూ మధ్య తేడా ఒకే ఒక్క బిందువు. ఆ ఒక్క బిందువు వల్లనే అవి రెండు వేర్వేరు ప్రమేయాలు. ప్రదేశం చెప్పకుండా సూత్రం మాత్రమే ఇచ్చినప్పుడు, సూత్రానికి అర్థం ఉండే వాస్తవ సంఖ్యలన్నిటినీ ప్రదేశంగా తీసుకోవడం ఆనవాయితీ. హారం సున్నా కాకూడదని, వర్గమూలం కింద రుణసంఖ్య ఉండకూడదని మనం సరిచూసుకునేది అందుకే. అయితే అది ఆనవాయితీ మాత్రమే, పరిస్థితి దాన్ని ఇంకా కుదించవచ్చు. సెల్సియస్‌ను ఫారెన్‌హీట్‌గా మార్చే సూత్రం ఏ సంఖ్యనైనా స్వీకరిస్తుంది, ఉష్ణోగ్రత మాత్రం −273.15 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి దిగదు.

రాయి దగ్గరికి మళ్ళీ వద్దాం. ఎంత సమయానికి ఎంత ఎత్తు అన్నది ప్రమేయం. ఎంత ఎత్తులో ఎంత సమయం అన్నది ప్రమేయం కాదు, ఎందుకంటే 14.7 మీటర్ల ఎత్తులో రాయి రెండుసార్లు, పైకి వెళ్తూ ఒకసారి దిగుతూ ఒకసారి, కనిపిస్తుంది. ప్రదేశాన్ని 0 నుంచి 2 సెకన్లకు కుదిస్తే ఈ చిక్కు విడిపోతుంది. అప్పుడు వేర్వేరు క్షణాలకు వేర్వేరు ఎత్తులు వస్తాయి, ప్రమేయం అన్వేకమవుతుంది, దాన్ని తిరగేసి విలోమ ప్రమేయం రాయవచ్చు. పాత వ్యాప్తి కొత్తదానికి ప్రదేశంగా మారుతుంది. వర్గమూలం పుట్టుక కూడా ఇలాంటిదే. 3 వర్గమూ −3 వర్గమూ 9 కాబట్టి, రుణసంఖ్యలను ప్రదేశంలోంచి తప్పించిన తర్వాతనే వర్గాన్ని తిరగేయగలిగాం. 9 వర్గమూలం అన్నప్పుడు 3 ఒక్కటే జవాబు కావడానికి కారణం అదే.

ఇది మరిస్తే సమీకరణాల్లో లేని జవాబులు వచ్చి చేరతాయి. ఒక సంఖ్య వర్గమూలం ఆ సంఖ్య కంటే 6 తక్కువ అయితే ఆ సంఖ్య ఎంత? రెండు వైపులా వర్గం చేసి సాధిస్తే 9, 4 అని రెండు జవాబులు వస్తాయి. 9 సరిపోతుంది; 4 సరిపోదు, ఎందుకంటే దాని వర్గమూలం 2, కావలసింది −2. వర్గమూలపు వ్యాప్తిలో రుణసంఖ్యలు లేవని ముందే గుర్తుంచుకుంటే, జవాబు 6 కంటే తక్కువ కాకూడదని లెక్క మొదలుపెట్టక ముందే తెలిసిపోతుంది.

ఇక వ్యాప్తి. జవాబులు ఏ సమితిలో పడతాయని మనం ముందుగా ప్రకటిస్తామో అది సహప్రదేశం, నిజంగా పడినవన్నీ కలిపితే వ్యాప్తి. రెండూ ఒకటైతే ఆ ప్రమేయాన్ని సంగ్రస్తం అంటారు. చిన్న ప్రమేయాల విషయంలో వ్యాప్తిని కనుక్కోవడానికి చక్కని మార్గం ఉంది: జవాబును ముందు ఊహించుకుని, అది ఏ సంఖ్య నుంచి వచ్చి ఉంటుందో వెనక్కి నడవడం. ఒక సంఖ్యను దాని వర్గానికి 1 కలిపి భాగించే ప్రమేయాన్ని ఇలా వెనక్కి నడిపిస్తే ఒక వర్గసమీకరణం వస్తుంది, దానికి వాస్తవ మూలాలు ఉండాలన్న షరతు నుంచి వ్యాప్తి −½కీ ½కీ మధ్య, ఆ రెండింటితో సహా, ఉంటుందని తేలుతుంది.

అన్ని ప్రమేయాలూ ఇంత సులువుగా లొంగవు. నాలుగు పూర్ణసంఖ్యల వర్గాలను కూడే ప్రమేయాన్ని తీసుకుంటే, 0 మొదలుకొని ప్రతి ధనపూర్ణసంఖ్యా దాని వ్యాప్తిలో ఉందని 1770లో లగ్రాంజ్ నిరూపించాడు. నాలుగుకు బదులు మూడు వర్గాలే కూడితే 7 తప్పిపోతుంది, రెండే కూడితే 3 కూడా తప్పిపోతుంది. వర్గాల స్థానంలో ఘనాలు పెట్టి, రుణసంఖ్యలనూ అనుమతించి, మూడింటిని కూడి చూడండి. 29 వెంటనే దొరుకుతుంది: 3 ఘనానికి 1 ఘనాన్ని రెండుసార్లు కలిపితే చాలు. 30 కోసం పది అంకెల సంఖ్య దాకా వెళ్ళవలసి వచ్చింది, అది 1999లో గాని దొరకలేదు. 31, 32 ఎన్నటికీ రావు, ఎందుకంటే ఏ ఘనాన్ని 9తో భాగించినా శేషం 0, 1, 8లలో ఒకటే, అలాంటివి మూడు కూడితే శేషం 4 గాని 5 గాని రావడం అసాధ్యం. 33 వ్యాప్తిలో ఉందని 2019లో ఆండ్రూ బుకర్ కంప్యూటర్ సాయంతో, 16 అంకెల సంఖ్యలతో, చూపించాడు. అదే ఏడాది ఆండ్రూ సదర్లాండ్‌తో కలిసి, 17 అంకెల సంఖ్యలతో 42ను సాధించాడు. 100 లోపు సంఖ్యల్లో అప్పటిదాకా తేలకుండా మిగిలింది అదొక్కటే.

ఇలాంటి ప్రశ్నలన్నిటికీ ఒకే పద్ధతితో జవాబు చెప్పగలమా అని 1900లో హిల్బర్ట్ అడిగాడు. పూర్ణసంఖ్యల గుణకాలున్న ఏ బహుపదినైనా ఇస్తే, చరరాశులకు పూర్ణసంఖ్యలే వేసినప్పుడు దాని వ్యాప్తిలో 0 ఉందో లేదో పరిమితమైన అంచెల్లో తేల్చే విధానం కావాలన్నది ఆ ప్రశ్న సారం. మార్టిన్ డేవిస్, హిలరీ పట్నమ్, జూలియా రాబిన్‌సన్‌ల పనిని పునాదిగా చేసుకుని, 1970లో యూరీ మతియసేవిచ్ అలాంటి విధానం ఉండటం సాధ్యం కాదని నిరూపించాడు. పూర్ణసంఖ్యలన్నీ అని ఆ బహుపదుల ప్రదేశాన్ని రెండు మాటల్లో చెప్పేయవచ్చు. ఆ వ్యాప్తుల్లో 0 ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నకు అన్నిటికీ చెల్లే విధానం మాత్రం లేదు.