పాలకొండల్లో అగ్గి 'పడింది'

మార్చి రాగానే కడపలో మేడల మీద పడకలు మొదలవుతాయి. కరెంటు పోయిన ఏదో ఒక రాత్రి, దక్షిణాన పాలకొండల నడుం మీద సన్నటి ఎర్రగీత కనిపిస్తుంది. తదేకంగా చూస్తే అది పైకి పాకుతోందని తెలుస్తుంది. "కొండకు అగ్గి పడింది" అంటారు పెద్దవాళ్లు, వాన పడింది అన్నంత మామూలుగా. ఎవరో పెట్టారని అనరు.

వెదుళ్లు రాసుకుని నిప్పు పుడుతుందని చిన్నప్పుడు బడిలో విన్నాం. పిడుగు వల్ల అంటుకోవడం ఉంది గానీ అరుదు. మన దేశంలో అడవి మంటల్లో చాలావాటికి కారణం మనిషే. గువ్వలచెరువు ఘాట్లో పాలకోవా పొట్లం ఒక చేత, ఆరని బీడీ ఇంకో చేత పట్టుకుని లారీ దిగినవాడు కావచ్చు. తేనెపట్టుకు పొగ పెట్టినవాడు, ఎర్రచందనం కోసం దొంగచాటుగా అడవిలో మకాం వేసి అన్నం వండుకున్నవాడు కావచ్చు. కొత్త కసువు (గడ్డి) కోసం పాత కసువు తగలబెట్టే గొర్రెల కాపరి కూడా కావచ్చు. ఈ చివరివాడిది పొరపాటు కాదు, పాత అలవాటు. కథంతా ఆ అలవాటు చుట్టూనే ఉంది.

ఈ కొండల్ని ఇంగ్లీషువాళ్లకు నిజాం 1800లో అప్పగించాడు. దత్తమండలాలన్న పేరు అలా వచ్చిందే. అప్పట్లో కొండ పక్క ఊరికి కట్టె, ఇంటి కప్పుకు బోదగడ్డి, పశువుకు మేత అన్నీ కొండే ఇచ్చేది. ఎండు కసువుకు నిప్పు పెడితే నేల శుభ్రమయ్యేది, వాన పడగానే లేత చిగురు వచ్చేది. 1856లో మద్రాసు ప్రెసిడెన్సీకి అటవీ శాఖ వచ్చింది, క్లెగ్‌హార్న్ దానికి తొలి అధికారి. 1860ల్లో మద్రాసు రైలు మార్గం కడప మీదుగా వేశారు. తొలినాళ్లలో ఇంజన్లు కట్టెలతోనే నడిచేవి కాబట్టి అడవికి ఉన్నట్టుండి లెక్కగట్టే విలువ వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరమైంది, మేపుకోవడానికి అనుమతి, రుసుము వచ్చాయి. 1921లో రాయచోటి తాలూకా రైతులు రుసుము కట్టకుండానే పశువుల్ని రిజర్వు అడవుల్లోకి తోలారు. అడవి సత్యాగ్రహం అనగానే అందరికీ పల్నాడు గుర్తొస్తుంది, మన రాయచోటి రాదు.

నిప్పు మాత్రం ఆగలేదు, చాటుకు పోయింది. చాటుగా పెట్టేవాడు దగ్గరుండి కాయడు కదా, గీసి పారిపోతాడు. చట్టం చేసిన పెద్ద నష్టం ఇదేనని నాకనిపిస్తుంది. 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టంలోనూ ఆ నిషేధం అలాగే ఉంది. తమాషా ఏమిటంటే, మంట దాటకుండా చలికాలం చివర్లో అటవీ శాఖవాళ్లే ఫైర్ లైన్లు గీసి, వాటి మీది కసువును కాపలా పెట్టి మరీ కాలుస్తారు. నిప్పు అదే, కాకపోతే కావలి ఉంటుంది.

ఫిబ్రవరి చివర అడవిలో అడుగుపెడితే కాలి కింద అప్పడాలు విరిగిన చప్పుడు. ఎర్రచందనం ఆకు రాల్చేసి ఉంటుంది, బోద నడుమెత్తున ఎండి నిలబడి ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. కొండ ఎక్కడంలో అగ్గి మేకను మించింది. వాలు మీద మంట పైకి ఒరిగి, ముందున్న కసువును తాను చేరకముందే ఆరబెట్టేస్తుంది. వాలు పది డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపవుతుంది. పగలు గాలి లోయ నుంచి పైకి వీస్తుంది, మంటకు అది తోడు. రాత్రి గాలి తిరగబడి, చల్లబడి, మంట కాస్త నెమ్మదిస్తుంది. అప్పుడు కూడా కాలిన మొద్దు ఒకటి దొర్లి కిందికి పోయిందంటే ఆరిపోయిందనుకున్న చోట మళ్లీ మొదలు.

టీవీలో కాలిఫోర్నియా మంటలు చూసి మనవీ అలాంటివే అనుకుంటాం. ఇక్కడ మంట ఎక్కువగా నేల మీదే పాకుతుంది, చెట్ల తలలు అంటుకోవడం తక్కువ. పెద్ద ఎర్రచందనం చెట్టు బతుకుతుంది, మొక్కలు మాడిపోతాయి. మొదలు నుంచి మళ్లీ చిగురిస్తాయి, మరుసటి ఏడాది అవీ కాలితే చెట్టయ్యేది ఎప్పుడు? నేల మీద గుడ్లు పెట్టే పక్షుల సంగతి ఇంకా కష్టం. 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివికోడి 1986 జనవరిలో మళ్లీ దొరికింది ఈ జిల్లాలోనే. ఆ తర్వాతే 1988లో లంకమల అభయారణ్యం ఏర్పడింది.

ఆర్పడానికి నీళ్ల బండి కొండెక్కదు. పచ్చి కొమ్మే ఆయుధం. తెలియనివాడు దాన్ని పైకెత్తి బాదుతాడు, గాలికి రవ్వలు లేచి వెనక ఇంకో మంట పుడుతుంది. తెలిసిన వాచరు మంట అంచు మీద కొమ్మను అదిమి, కాలిన వైపుకు లాగుతాడు. ఇప్పుడు బ్లోయర్లతో ఎండుటాకు ఊడ్చి మంటకు తిండి లేకుండా చేస్తున్నారు. మంట మరీ పెద్దదైతే ముందు బాటో వంకో చూసుకుని ఎదురు నిప్పు పెడతారు. రెండూ కలిసిన చోట కాలడానికేమీ మిగలదు. 2014 మార్చిలో తిరుమల వైపు శేషాచలం అంటుకున్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లు బకెట్లతో నీళ్లు పోశాయి. ప్రతి ఏటా, ప్రతి కొండకూ అది కుదిరేది కాదు.

2004 నుంచి ఉపగ్రహం కంటపడిన మంటల సమాచారాన్ని డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా రాష్ట్రాలకు పంపుతోంది. ఇప్పుడది బీట్ ఆఫీసరు ఫోనుకే వస్తుంది. చోటు తెలుస్తుంది, అక్కడికి మాత్రం నడిచే పోవాలి. ఆయన వంక దాటి, బండలెక్కి చేరేసరికి గీత కాస్తా శిఖరం దాటి అవతలి వైపు ఉంటుంది.

జూన్‌లో రెండు వానలు పడితే నల్లటి వాలు మీద పచ్చటి నూగు మొలుస్తుంది. వారం తిరక్కుండానే గొర్రెలు అక్కడుంటాయి.